గోడ దగ్గర ఆగిన రోడ్డు

పోయిన వారం ఆగండమ్మను అక్క వాళ్ళింటి గుమ్మంలో, ఒక కాలికి మాత్రమే చెప్పు వేసుకుని, రెండోది ఎక్కడుందో కోపంలో కనిపించక నిలబడి ఉండగా వదిలేశాం. కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు పోదాం.

ఆగండమ్మ అసలు పేరు ఇప్పుడు ఆఫీసులో కూడా ఎవరికీ గుర్తులేదు. ఆమె ఆ ఊరి కౌన్సిల్‌లో పర్యావరణ పరిశీలన అధికారి. ఊళ్ళో ఎవరు పెద్ద కట్టడం మొదలుపెట్టాలన్నా కాగితాలు ముందు ఆమె బల్ల మీదికి రావాలి. దానివల్ల నీళ్ళు ఎటు మళ్ళుతాయి, లారీలు ఎవరి కిటికీల కింద తిరుగుతాయి, దుమ్ము ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతుంది అన్నది చూడాలి. అనుమానం ఉంటే పూర్తి పరిశీలనకి పంపాలి. అది అయ్యేదాకా పునాది గొయ్యి కూడా తవ్వడానికి లేదు. శంకుస్థాపనకి కొబ్బరికాయ పట్టుకుని ఉత్సాహంగా వచ్చిన ప్రతి ఆసామితోనూ “ఆగండి” అని అని, ఆమె వాళ్ళ నోట్లో ఆగండమ్మ అయింది. మొదట్లో ఉడుక్కుంది. తర్వాత ఫోన్ ఎత్తి తనే ఆ పేరు చెప్పుకోవడం మొదలుపెట్టింది.

ఊరి చివర పల్లపు నేలలో గోదాములు కడతానని ఒక ఆసామి వచ్చాడు. విస్తీర్ణంలో ఒక హద్దు దాటిన కట్టడాలకే పూర్తి పరిశీలన తప్పనిసరి అని ఊరి నిబంధన. ఆయన ప్లాను ఆ హద్దుకి వెంట్రుకవాసి లోపల ఉంది. అయినా ఆగండమ్మ వదల్లేదు. హద్దు లోపలిదైనా సరే, చుట్టుపక్కలవాళ్ళకి గట్టి నష్టం జరిగేలా ఉందని అధికారికి తోస్తే పరిశీలనకి పంపవచ్చని అదే నిబంధనల్లో ఉంది. వాన నీళ్ళు వచ్చి నిలిచే చోట మట్టి పోసి ఎత్తు చేస్తే, ఆ నీళ్ళు కింది వీధి ఇళ్ళలోకి నడిచి వస్తాయని రాసి పంపింది. ఆసామి కౌన్సిల్‌కి అప్పీలు చేసుకున్నాడు. అది పొడి నేలేనని, ఎవరూ కంగారు పడక్కర్లేదని ఆయనకి రిపోర్టు రాసిచ్చిన నిపుణురాలు ఎవరో కాదు, ఆగండమ్మ సొంత అక్క.

ఈ బంధుత్వం దాచిపెట్టిందేమీ కాదు. మొదటి రోజే ఆగండమ్మ కౌన్సిల్‌కి చెప్పి రాయించింది. నిపుణురాలు కూలికి రిపోర్టు రాసేది, ఆ నేలలో ఆమెకి వాటా లేదు కాబట్టి అభ్యంతరం లేదని ఆసామి లాయరే అన్నాడు. పైగా ఆ మాట అంటూ నవ్వాడు.

అప్పీలు విచారణకి ముందురోజు సాయంత్రం ఆగండమ్మ అక్క ఇంటికి వెళ్ళి ఒకే ఒక మాట అడిగింది. నువ్వు రాసింది నువ్వు నమ్ముతున్నావా అని. అక్క రిపోర్టు మూసి పక్కన పెట్టింది. ప్రింటింగ్ ప్రెస్ నడుపుకునే బావ, ఎవరి పక్షమూ చేరడం ఇష్టంలేని మెత్తటి మనిషి, ఇద్దరి మధ్యా టీ కప్పులు పెట్టి ఏవో జోకులు వేసి చూశాడు. అవి పేలలేదు. చివరికి అక్క లేచి తలుపు తీసి పట్టుకుని అంది.

“ఇక్కడ అడిగితే ఇది అక్కాచెల్లెళ్ళ మాట. అడగాలనుకుంటే రేపు సభలో అడుగు.”

అది సవాలో, సలహానో ఆగండమ్మకి అర్థం కాలేదు. సవాలే అనుకుంది. అలా అనుకుంటే కోపం తెచ్చుకోవడం సులువు.

మర్నాడు పొద్దున్నే చైర్మన్ గదిలోంచి పిలుపు వచ్చింది.

చైర్మన్ ఎవరినీ కసురుకోని మనిషి. ఆయన గదిలో గోడ పొడవునా ఒక చేపల తొట్టి ఉంటుంది. ఎవరితో మాట్లాడినా చేపలతో మాట్లాడుతున్నట్టే ఉంటుంది. ఆ రోజు కూడా చిటికెడు మేత నీళ్ళలో చల్లుతూ, అమ్మా నీ ముఖం వాడిపోయి ఉంది, నిద్ర సరిగ్గా లేదా అని అడిగాడు. సొంత అక్కతో నలుగురిలో వాదులాడటం ఎవరికైనా కష్టమేనన్నాడు. ఈ పూటకి సెలవు పెట్టి ఇంట్లో పడుకోమన్నాడు. నీ తరఫున నీ కింది అధికారి వచ్చి నాలుగు మాటలు చదివేస్తాడని, నీకు మాట రానివ్వనని భరోసా ఇచ్చాడు.

ఆగండమ్మకి ఆ నిబంధనలు కంఠస్థం. నిర్ణయం తీసుకున్న అధికారి స్వయంగా వచ్చి దాన్ని సమర్థించుకోకపోతే కౌన్సిల్ దాన్ని అక్కడికక్కడే కొట్టేయవచ్చు. ఆ సంగతి చైర్మన్‌కీ కంఠస్థమే.

“నాకు బాగానే ఉంది సార్,” అంది. “జ్వరం వచ్చినా వస్తాను. నలుగురూ మోసుకొచ్చినా వస్తాను.”

“అంత పంతం దేనికి తల్లీ?”

“పంతం కాదు సార్. నా సంతకం కింద నేను నిలబడకపోతే ఇంకెవరు నిలబడతారు?”

చైర్మన్ మేత డబ్బా మూత గట్టిగా బిగించాడు. నీ ఇష్టం అన్నాడు. ఆ రెండు మాటల్లో ఇష్టం ఏ కోశానా లేదు. ఆయన అంతగా ఎందుకు పట్టుబడుతున్నాడో ఆలోచించే తీరిక ఆ పూట ఆమెకి లేకపోయింది. ఆసామితో స్నేహం అనుకుంది. ఊరికి పన్నులు వస్తాయన్న ఆశ అనుకుంది.

విచారణ వేళకి హాలు నిండిపోయింది. కింది వీధివాళ్ళు పనులు మానుకుని వచ్చారు. కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. ముందు వరసలో ఆసామి, కొత్త బట్టలతో, ఎవరు పలకరించినా లేచి నమస్కారం పెడుతూ కూర్చున్నాడు. అమ్మ రాలేదు. మీ ఇద్దరి పోట్లాటలూ చిన్నప్పుడు ఇంట్లో ఉచితంగా చూశాను, ఇప్పుడు మైకుల్లో వినే ఓపిక నాకు లేదని ఫోన్లో చెప్పేసింది.

వేదిక మీద ఐదుగురు. మధ్య కుర్చీలో చైర్మన్. ఒకవైపు బేకరీ యజమాని, లెక్కల టీచరుగా రిటైరైన ఒక పెద్దావిడ. రెండోవైపు సిమెంటు వ్యాపారి, పళ్ళ డాక్టరు. సిమెంటు వ్యాపారి ఓటు ఎటో ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. పళ్ళ డాక్టరు ఓటు ఎటో ఆయన భార్యకి కూడా తెలియదు. రోజంతా ఎదుటివాళ్ళ నోళ్ళు తెరిపించి, తను మాత్రం నోరు తెరవని మనిషి.

లాయరు మొదలుపెట్టాడు. గొంతులో తేనె ఉన్న మనిషి. గోదాములు వస్తే వచ్చే ఉద్యోగాల గురించి, ఊరి పేరు గురించి చెప్పి, నెమ్మదిగా ఆగండమ్మ మీదికి వచ్చాడు. ఈ వృత్తిలోకి ఆమె వేలు పట్టి తీసుకొచ్చింది ఈ నిపుణురాలేనని, ఆమె చదివిన పుస్తకాలు కూడా అక్క చదివేసి ఇచ్చినవేనని అన్నాడు. అది నిజమే. పరీక్షలో ఒకసారి తప్పితే అక్కే మళ్ళీ కూర్చోబెట్టి చదివించిందని కూడా చెప్పాడు. అదీ నిజమే. ఆ సంగతి లాయరుకి ఎవరు చెప్పి ఉంటారా అని ఆగండమ్మ అక్క వైపు చూసింది. అక్క తన చేతిలోని పెన్ను మూత తీసి పెడుతూ, తీసి పెడుతూ ఉంది. ముఖం ఎర్రగా కందిపోయింది. తను చెప్పలేదని ఆ ముఖం చూస్తే తెలిసింది.

“నేర్పినావిడ పొడి నేల అంటున్నారు. నేర్చుకున్నావిడ తడి నేల అంటున్నారు,” అని లాయరు ముగించాడు. “సభవారు ఎవరిని నమ్మాలో నేను చెప్పక్కర్లేదనుకుంటాను.”

ఆగండమ్మ లేచింది.

“మా అక్క తప్పు రాసిందని నేను అనడం లేదండీ,” అంది. “మా అక్కని అడగాల్సిన ప్రశ్న ఒకటి ఎవరూ అడగలేదంటున్నాను. ఇప్పుడు అడుగుతాను.”

సభలో వరసలు ఉండవని, మర్యాద ఉంటుందని చైర్మన్ గుర్తుచేశాడు. అక్కా చెల్లీ అన్న పిలుపులు రికార్డులోకి ఎక్కితే బాగుండదన్నాడు. దాంతో పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరినొకరు మీరు అనుకోవలసి వచ్చింది.

“నిపుణురాలు గారూ, మీరు ఆ స్థలం చూడటానికి ఎప్పుడు వెళ్ళారు?”

“ఎండాకాలంలో, అధికారి గారూ.”

వెనక వరసల్లో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

“వానల్లో మళ్ళీ వెళ్ళాలని మీకు అనిపించలేదా?”

“అనిపించింది. అడిగాను. రిపోర్టు వానలకి ముందే కావాలన్నారు.”

లాయరు చటుక్కున లేచి, గడువు పెట్టడం నేరం కాదన్నాడు. కాదని ఆగండమ్మ కూడా ఒప్పుకుంది. తెర మీద ప్లాను పటం వేయమని అడిగింది. గోదాములు చిన్న చిన్న పెట్టెల్లా వరసగా కనిపించాయి. వాటి మధ్యగా ఒక రోడ్డు. ఆమె దగ్గరికి వెళ్ళి ఆ రోడ్డు మీద వేలు పెట్టింది. ఆ వేలి నీడ తెర మీద పెద్దదై పడింది.

“ఈ రోడ్డు మీద రెండు పెద్ద లారీలు ఎదురెదురుగా ఆగకుండా పోవచ్చు. ముందు గేటు దగ్గర మొదలై, గోదాములన్నీ దాటి, వెనక గోడ దాకా వస్తుంది. ఆ చివర ఒక్క గోదాము లేదు, ఒక్క తలుపు లేదు. ఈ రోడ్డు ఎక్కడికి పోతుందండీ?”

అక్క కంటే ముందు లాయరు అందుకున్నాడు.

“గోడ దగ్గర ఆగుతుంది. కనిపిస్తూనే ఉంది కదా.”

“గోడకి ఇంత రోడ్డు ఎందుకండీ?” అన్నాడు వేదిక మీది నుంచి బేకరీ యజమాని. “గోడేమన్నా లారీ ఎక్కి షికారు పోతుందా?”

హాలంతా నవ్వింది. సిమెంటు వ్యాపారి కూడా నవ్వబోయి, గుర్తొచ్చి ఆగిపోయాడు. అగ్నిమాపక బండి తిరగడానికి చోటు కావాలని లాయరు అన్నాడు. అగ్నిమాపక బండి తిరగాలంటే చివర గుండ్రంగా చోటు వదలాలి, ఇక్కడ అది లేదని ఆగండమ్మ అంది. అయితే భవిష్యత్తు అవసరాల కోసమన్నాడు. ఏ భవిష్యత్తు అని టీచరమ్మ అడిగింది. లాయరు మాట మార్చాడు. నిపుణురాలిని పిలిచింది నేల గురించి, నీటి గురించి రాయడానికే గానీ రోడ్ల గురించి కాదని, ఈ ప్రశ్న చెల్లదని చైర్మన్‌కి చెప్పుకున్నాడు.

చైర్మన్ వెంటనే ఒప్పుకున్నాడు. ఇంకో ప్రశ్న అడగమన్నాడు.

“ఇంకో ప్రశ్న లేదు సార్. నాకు ఉన్నది ఇదే.”

“అయితే కూర్చో అమ్మా.”

ఆగండమ్మ కూర్చోలేదు. ఆమె పని చేసిన ఇన్నేళ్ళలో చైర్మన్ కూర్చోమంటే కూర్చోకపోవడం అదే మొదటిసారి. ఆయన మళ్ళీ అన్నాడు. బల్ల మీద తట్టాడు. సభ పద్ధతి పాటించకపోతే బయటికి పంపవలసి వస్తుందన్నాడు. ఆమెకి ఆ మాటలు వినిపిస్తున్నాయి. చేతులు రెండూ బల్ల అంచు మీద ఆనించి, తెర వైపు కాకుండా, చైర్మన్ వైపు కాకుండా, అక్క వైపు తిరిగింది.

“అక్కా,” అంది. “ఆ గోడ వెనక ఏం కడతారో నీకు తెలుసు కదా?”

మీరు పోయి నువ్వు వచ్చేసింది. లాయరు అభ్యంతరం అంటూ లేచాడు. నిపుణురాలు తన ఖాతాదారు రహస్యాలు కాపాడాల్సిన మనిషని, ఇక్కడ నోరు జారితే రేపటి నుంచి ఆమెకి ఎవరూ పని ఇవ్వరని అన్నాడు. అది సభకి చెబుతున్నట్టు లేదు. అక్కకి చెబుతున్నట్టుగా ఉంది.

అక్క పెన్ను పక్కన పెట్టింది.

“బెదిరించాలంటే ఇంకాస్త చాటుగా బెదిరించండి లాయరు గారూ. మా చెల్లెలి చిన్నప్పటి పరీక్షల సంగతి ఎక్కడో తవ్వి తెచ్చి, దానికి నేను నేర్పానని నా ముందే నన్ను వాడుకున్నారు కదా. నేను నేర్పింది ఏమిటో కూడా సభకి చెబుతాను. సరైన ప్రశ్న అడిగితే తెలిసింది చెప్పాలి అని నేర్పాను.”

తర్వాత ఆమె మైకు దగ్గరికి జరుపుకుని, రిపోర్టు చదివినప్పటి గొంతుతోనే, తొందర లేకుండా చెప్పింది. ఆ గోడ వెనక ఇంకో రెండు ముక్కల నేల ఉంది. ఈ గోదాములు లేచాక ఒక ముక్కలో మళ్ళీ గోదాములు, ఇంకో ముక్కలో లారీల స్టాండు కడతారు. రోడ్డు అందుకే గోడ దాకా వేశారు. సమయం వచ్చినప్పుడు గోడ పగలగొట్టి ముందుకు పోతుంది. ఇదంతా ఆమెకి పని అప్పగించిన రోజునే చెప్పారు. ఆ మిగతా భాగం గురించి ఒక్క అక్షరం రాయొద్దని, చూపించిన ముక్క గురించే రాయాలని కూడా చెప్పారు.

“చూపించిన ముక్క పొడి నేలే,” అంది అక్క. “అది అబద్ధం కాదు. నీళ్ళు నిలిచేదంతా ఆ గోడ వెనకే.”

కింది వీధివాళ్ళు నిలబడ్డ గోడ పక్క నుంచి గుసగుసలు లేచి పెద్దవయ్యాయి. ఆసామి ఈసారి ఎవరికీ నమస్కారం పెట్టలేదు.

ఆగండమ్మ నిబంధన చెప్పింది. ఒకే పనిని మూడు ముక్కలు చేసి, ఒక్కొక్కటీ హద్దు లోపల ఉండేలా తెస్తే, మూడింటినీ కలిపి ఒకటిగానే చూడాలి. అలా కలిపితే ఈ కట్టడం హద్దు దాటడం కాదు, హద్దు ఎక్కడుందో కనిపించనంత దూరం పోతుంది. అప్పుడు ఇది ఆమెకి తోచినందువల్ల జరిగే పరిశీలన కాదు. తప్పనిసరి పరిశీలన. అంతే చెప్పి కూర్చుంది.

ఓటింగు పెట్టక తప్పలేదు. అప్పీలు ఒప్పుకోవాలని చైర్మన్, సిమెంటు వ్యాపారి చేతులెత్తారు. కొట్టేయాలని బేకరీ యజమాని, టీచరమ్మ ఎత్తారు. అందరూ పళ్ళ డాక్టరు వైపు చూశారు. ఆయన కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

“పైకి కనిపించే ముక్క బాగుందని పన్ను వదిలేస్తే, రోగి వారంలో దవడ వాచి వస్తాడు,” అన్నాడు. “కింద ఏముందో చూడాల్సిందే.” చెయ్యెత్తాడు.

అప్పీలు పోయింది. కింది వీధివాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒకావిడ వచ్చి ఆగండమ్మ రెండు చేతులూ పట్టుకుని ఊపి వెళ్ళిపోయింది. ఆగండమ్మకి ఏడుపు వచ్చేలా ఉంది. ఏడవడానికైనా, తిట్టడానికైనా, కౌగిలించుకోవడానికైనా ముందు అక్క కావాలి. అక్క అప్పటికే బయటికి వెళ్ళిపోయింది.

వరండా చివర దొరికింది. స్తంభానికి ఆనుకుని, చేతులు కట్టుకుని ఉంది. పనులు పోతాయన్న బెంగ అనుకుని, ఆగండమ్మ వెళ్ళి పక్కన నిలబడింది. మన ఇద్దరం కలిసి అప్పడాలమ్ముకుని బతుకుదాంలే అంది. అక్క నవ్వలేదు.

“చెల్లీ, లోపల నేను ఒకటి చెప్పలేదు,” అంది. “నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. ఆ వెనక ముక్కలు ఎవరి పేర్ల మీద ఉన్నాయో.”

“ఎవరివి?”

“ఒకటి ఆసామి అల్లుడిది. రెండోది మీ బావది.”

ఆగండమ్మకి మొదట ఆ మాట అర్థం కాలేదు. మెట్ల కింద బావ కారు పక్కన నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ ఆమెని చూడగానే ఏమోయ్ మరదలా అని కేకేసే మనిషి, తల ఎత్తడం లేదు. పొద్దున ఇక్కడికి వస్తుంటే కారులో చెప్పాడని, నిన్నటిదాకా తనకీ తెలియదని అక్క అంది. ఎందుకు కొన్నావని అడిగితే నోరు విప్పలేదట. నువ్వు సభలో ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్యి అని మాత్రం అన్నాడట.

ఆగండమ్మ బుర్ర చకచకా పనిచేసింది. అక్క రిపోర్టు రాయడం వేరు. అక్క భర్తకి ఆ కట్టడంలో నేల ఉండటం వేరు. దగ్గరి బంధువుకి భూమి ఉన్న పని మీద అధికారి నిర్ణయం తీసుకోకూడదు. తెలియక తీసుకుంటే, తెలిసిన క్షణంలో చెప్పాలి. చెబితే ఈ రోజు గెలిచిందంతా చెల్లకుండా పోవచ్చు. చెప్పకపోతే ఉద్యోగమూ పోతుంది, పరువూ పోతుంది, వాటితో పాటు ఈ పరిశీలనా ఎప్పుడో ఒకప్పుడు పోతుంది.

“ఈ పూటకి ఊరుకో,” అంది అక్క, ఆమె మనసులో మాట విన్నట్టే. “ఒక్కసారి పరిశీలన మొదలైతే ఊరంతా చూస్తుంది, ఎవరూ ఆపలేరు. తర్వాత నెమ్మదిగా చెబుదువు. నీ కోసం అడుగుతున్నాను. ఆయన కోసం కూడా అడుగుతున్నాను.”

“నువ్వు లోపల నిలబడి అంత చెప్పి, నన్ను బయట నిలబెట్టి దాచమంటున్నావా?”

“నీ కష్టమంతా బూడిదైపోతుందే.”

“పోతే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతాను. అధికారిని నేను కాకపోతే ఇంకొకరు పెడతారు. ఆ రోడ్డు గోడ దగ్గర ఎందుకు ఆగిందో ఇప్పుడు ఊళ్ళో అందరికీ తెలుసు అక్కా. దాన్ని ఎవరూ కొట్టేయలేరు.”

చెప్పి, వెనక్కి తిరిగి హాల్లోకి నడిచింది.

లోపల కౌన్సిల్ తర్వాతి అంశంలోకి వెళ్ళిపోయింది. మార్కెట్ వీధిలో చెత్త తొట్టెలు ఎక్కడ పెట్టాలన్నది చర్చ. జనం చాలామంది వెళ్ళిపోయారు. కానీ ఆసామీ, లాయరూ ముందు వరసలోనే కూర్చుని ఉన్నారు. చెత్త తొట్టెల గురించి ఆ ఇద్దరికీ అంత శ్రద్ధ ఎప్పటి నుంచో ఆమెకి అర్థం కాలేదు. లాయరు ఒడిలో తెరిచి పెట్టుకున్న ఫైలు, ఆయన పెదవుల మీద నిలిచిన చిన్న నవ్వు చూశాక అర్థమైంది. బావ పేరు వాళ్ళకి ముందే తెలుసు. చివర్లో ఇతర విషయాలు అన్నప్పుడు లేవాలని కూర్చున్నారు. ఆమె దాచిందని చెప్పి దెబ్బ కొట్టాలని కూర్చున్నారు.

ఆమె నేరుగా మైకు దగ్గరికి పోయింది.

“మీ అంశం అయిపోయింది కదమ్మా,” అన్నాడు చైర్మన్.

“కాలేదు సార్. రికార్డులో ఒక మాట చేర్చాలి.”

లాయరు నవ్వు ముఖం మీదే ఉండిపోయింది గానీ, దానిలోంచి సంతోషం దిగిపోయింది. ఫైలు మూసి లేచి నిలబడ్డాడు. వరస ప్రకారం ముందు తనని పిలవాలన్నాడు. చైర్మన్ ఆయన వైపు, ఈమె వైపు మార్చి మార్చి చూశాడు. ఆగండమ్మ ఎవరి అనుమతి కోసమూ ఆగలేదు.

“గోదాముల వెనక ఉన్న నేలలో ఒక ముక్క మా అక్క భర్త పేరు మీద ఉంది. ఇప్పుడే, ఈ వరండాలో తెలిసింది. తెలిసిన వెంటనే చెబుతున్నాను. నా నిర్ణయం నిలుస్తుందో పోతుందో సభవారు చూడండి. నన్ను ఉంచుతారో పంపిస్తారో కూడా చూడండి. నేల గురించి ఇక్కడ విన్నది మాత్రం వినలేదని ఎవరూ అనలేరు.”

టీచరమ్మ చేతిలోని కాగితం కింద పెట్టింది. బేకరీ యజమాని అయ్యో అన్నట్టు తల పట్టుకున్నాడు. లాయరు గొంతులోకి మళ్ళీ తేనె వచ్చింది. అధికారి నిజాయితీని మెచ్చుకుంటున్నామని, అయితే చెప్పినంత మాత్రాన తప్పు తప్పు కాకపోదని, తన కుటుంబానికి భూమి ఉన్న చోట ఆమె ఇచ్చిన నిర్ణయాన్ని ఈ క్షణమే రద్దు చేయాలని కోరాడు. చైర్మన్ అందుకే ఎదురుచూస్తున్నట్టు, రద్దు చేసే తీర్మానం రాసుకోమని గుమాస్తాకి సైగ చేశాడు.

“ఒక్క నిమిషం.”

గొంతు తలుపు దగ్గర నుంచి వచ్చింది. బావ. ఆయన ఎప్పుడూ సభల్లో మాట్లాడి ఎరుగడు. కౌన్సిల్ కరపత్రాలు, రసీదు పుస్తకాలు, నోటీసులు అన్నీ ఆయన ప్రెస్సులోనే అచ్చవుతాయి. ఆ పని మీదే ఇల్లు గడుస్తుంది. కాబట్టి ఆ హాల్లోకి ఎప్పుడు వచ్చినా చేతులు కట్టుకుని వచ్చి, బిల్లు ఇచ్చి, వంగి నమస్కారం పెట్టి పోయేవాడు. ఈసారి చేతులు కట్టుకోలేదు. కుర్చీల మధ్యగా నడిచి వచ్చి మరదలి పక్కన నిలబడ్డాడు. వెనకాలే అక్క గుమ్మంలో, కదలకుండా నిలబడిపోయింది.

“ఆ భూమి నా పేరు మీద ఉన్న మాట నిజం,” అన్నాడు. “కానీ అది నాది కాదు. నా డబ్బు ఒక్క పైసా అందులో లేదు. నాకు వచ్చే పని ఆగిపోతుందని చెప్పి సంతకం పెట్టించుకున్నారు.”

లాయరు ఆసామి వైపు చూశాడు. ఆసామి తల అడ్డంగా ఊపాడు. తనకి ఏమీ తెలియదన్నట్టు కాదు, ఈ మాట ఇక్కడితో ఆపమన్నట్టు.

బావ వాళ్ళిద్దరినీ పట్టించుకోలేదు. తల ఎత్తి వేదిక మధ్య కుర్చీ వైపు చూశాడు.

“అసలు యజమాని ఎవరో నేను చెప్పే ముందు, వాళ్ళంతట వాళ్ళే చెబుతారేమోనని ఒక్క అవకాశం ఇస్తున్నాను,” అన్నాడు. “చెబుతారా, చైర్మన్ గారూ?”